చెట్టా, కలుపా, సారూ?

మా ఇంటి ముందర నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు మట్టి జాగా ఉంది. దాన్ని తోట అని పిలిచేది నేనొక్కణ్నే. తెలంగాణ వచ్చినంక రెండేండ్లకు నకిరేకల్‌లో ఇల్లు కట్టుకుంటే, మేస్త్రీ ఆ జాగాను కారు కోసమని ఇడిసిపెట్టిండు. కారు రాలేదు. తోట వచ్చింది.

మా స్కూలు టీచర్లమందరం కలిసి ఊటీ పోయినప్పుడు ఒక నర్సరీలో కాళ్లు ఆగినయి. నడుమెత్తు కొమ్మలు, కొసకు గులాబీ రంగు పువ్వులు గుత్తులు గుత్తులు. ఫ్లాక్స్ అని చెప్పిండు నర్సరీ ఆయన. మన దగ్గర విత్తనాలు చల్లి పెంచే చిన్న ఫ్లాక్స్ ఒక్క చలికాలంతో సరి. ఇది బహువార్షికం, ఒకసారి నాటితే ఏటేటా మొలుస్తదట. వేరుముక్కను తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చిన.

"ఏందన్నా గది?" అని అడిగింది ఎదురింటి చెల్లె.

"ఫ్లాక్స్."

"ఫ్లెక్సీనా? ఎవలిది, పుట్టినరోజా?"

జామచెట్టు పక్కన, పొద్దటి ఎండ తగిలి మధ్యాన్నం నీడ పడే చోట నాటిన. పెంటెరువు వేసిన, ఎండుటాకులు పరిచిన. చలికాలం పోతుండంగ రెండు గుత్తులు పూసింది. ఆ రెండింటికి తీసినన్ని ఫోటోలు నా పెండ్లికి కూడా తియ్యలే. మా ఆమె ఆ మాట నవ్వుకుంట అన్నది గాని, పూర్తిగా నవ్వలే.

మా గల్లీకి కలుపు తీసేతందుకు ఒక అవ్వ వస్తుండె. వెనక గల్లీలో ఉంటది. మోకాళ్లు అరిగినయి, ఆటో ఎక్కి బత్తాయి తోటలకు పోయే ఓపిక లేదు. మా ఐదారిండ్ల ముందరి మొక్కల కాడ పని చేసుకుంటనే ఎల్లదీసుకుంటుండె.

ఎండాకాలం పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడి వారం రోజులు నల్లగొండలో ఉన్న. తిరిగొచ్చే సరికి ఫ్లాక్స్ జాగా చీపురుతో ఊడ్చినట్టుంది. కొమ్మ లేదు, ఆకు లేదు. ఆ వారంలోనే అవ్వ వచ్చి పోయిందని మా ఆమె చెప్పింది.

తెల్లారి నల్లా నీళ్లు వచ్చే యాళ్లకు అవ్వ గల్లీలో కనిపించింది. గల్లీ అంతా పైపులు పట్టుకొని గేట్ల కాడ నిలబడి ఉన్నరు. అందరి ముందర అడిగిన.

"నా పువ్వు చెట్టు పీకినవా?"

"పీకలే సారూ. కొమ్మలు ఎండినయి, తుంచేసిన. వేరు ముట్టలే."

"ఎండితే పీకేస్తవా! కలుపు తీసేటోళ్లకు పువ్వు సంగతి ఏం తెలుస్తది?"

అవ్వ కొంగు తలమీదికి గుంజుకొని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఎదురింటి చెల్లె అవ్వను పనికి పిలవలేదు. చెల్లెను చూసి పక్కింటోళ్లు, వాళ్లను చూసి ఆ పక్కోళ్లు. సారు ఊరికే అంటడా అని. స్టాఫ్ రూములో నాకు కలుపుగోలు మనిషినని పేరు. కలుపు తీసే మనిషిని మాత్రం ఒక్క మాటతో గల్లీలోంచి తీసేసిన.

ఇంకో సంగతి ఉంది, రాయబుద్ధి కాదు గాని రాస్త. మా అమ్మ కూలికి పోయి కలుపు తీసేది. పత్తిచేన్లల్ల వంగి వంగి, వంగిన నడుముతోనే ముసలిదైంది. నా బడి ఫీజు ఆ నడుములోంచే వచ్చింది. నేను గల్లీలో అన్న మాట మా అమ్మకు కూడా తగులుతదని ఆ రోజు నాకు తట్టలేదు.

వానలు పడ్డంక, ఒకనాడు పొద్దున జామచెట్టు పక్కన మూడు మొలకలు కనబడ్డయి. ఆకులు జంటలు జంటలు, ఎదురుబొదురు. చూడంగనే గుర్తుపట్టిన. ఏటేటా మొలుస్తదంటే, ఏటేటా ఎండుతదని కూడా అర్థమే గదా. నేను చెప్పేది జీవశాస్త్రం. సుప్తావస్థ మీద నాలుగు మార్కుల ప్రశ్న ఏటేటా నేనే ఇస్త.

వెంటనే పోయి అవ్వకు చెప్పాలె. చెప్పలే. "కొత్త వేరు దొరికింది, మా స్కూలాయన ఇచ్చిండు" అని మా ఆమెకు చెప్పిన. ఆమె నమ్మింది. తిడితే బాగుండు.

నమ్మి ఊరుకోలేదు. "కొత్త చెట్టాయె, ఇంక కోపమెందుకు" అని, వెనక గల్లీకి పోయి అవ్వను బతిమాలి తోలుకొచ్చింది. అవ్వ కూసోని గడ్డి తీసుకుంట ఫ్లాక్స్ కాడికి వచ్చింది. మట్టిని వేలితో జరిపింది. మొలకల మొదట్లో, తను తుంచిన ఎండు మోడు బయటపడ్డది.

"కొత్త చెట్టా సారూ?"

నేను జామచెట్టు దిక్కు చూసిన.

"కొత్తదానికి పాత మోడు ఉండదు. ఇది నేను తుంచిందే."

"తప్పయింది అవ్వా" అన్న, నాకే వినపడనంత మెల్లగ.

"నాకు చెప్తే ఏమొస్తది? నాకు ముందే ఎరుక. ఆడ నల్లా కాడ అన్నవు గదా, ఆడనే చెప్పు."

తెల్లారి నల్లా వచ్చింది. గల్లీ అంతా గేట్ల కాడ ఉంది. అవ్వ మా గోడకు ఆనుకొని నిలబడ్డది. "అవ్వ చెట్టు పీకలేదు" అన్న. నల్లాలకు పెట్టిన మోటర్ల చప్పుడులో నా మాట మునిగింది.

"ఏందన్నా?" అన్నది ఎదురింటి చెల్లె.

వెనక బెంచీ దాకా వినపడే గొంతు నాది. ఆ రోజు ముందు బెంచీ దాకా కూడా పోలే. మా మోటరు బంద్ చేసి, అందరినీ బంద్ చెయ్యమన్న. మళ్ల చెప్పిన, మొత్తం చెప్పిన. చెట్టు వేరు బతికే ఉందని, తప్పు నాదేనని, పైగా అబద్ధం కూడా ఆడిననని. మా ఆమె పైపు పట్టుకొని అట్లనే చూస్తుంది. నల్లా ధార ఆగలే, బకెట్ నిండి పొర్లుతుంది.

రెండిండ్లోళ్లు అవ్వను మళ్ల పిలిచిన్రు. ఎదురింటి చెల్లె పిలవలేదు, అప్పటికే ఇంకొకామె కుదిరింది. పోయిన పని అంతా తిరిగి రాలేదు.

మా ఇంటికి మాత్రం అవ్వ వస్తది. ఫ్లాక్స్ ఇప్పుడు మోకాలెత్తు ఉంది. ఏటేటా ఎండుతది, ఏటేటా మొలుస్తది. నా సిగ్గు దానికన్న ముదురు బహువార్షికం, ఎండనే ఎండదు. ఎందుకంటే అవ్వ ఎండనియ్యదు. గడ్డిపోచ మీద చెయ్యి పెట్టినా సరే ఆగి, నన్ను పిలిచి అడుగుతది.

"ఇది చెట్టా, కలుపా, సారూ?"

మొన్న తులసి కాడ కూడా అడిగింది. పేపరు పక్కన పెట్టి, పోయి, ఆమె పక్కన గొంతుక్కూసోని చెప్పిన.

"చెట్టు, అవ్వా."