వంక గట్టున తిరగవాత

కర్నూలులో డేరాలు వేసుకుని రాజధాని నడుపుతున్న రోజులవి. కమలాపురానికి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. ఆ ఏడు మాఘమాసం చివర్లో, ఇద్దరు పసిపిల్లల్ని అడవిలో పెట్టుకుని, ఇరవైఒక్క రోజులు నా చేత్తో వండి పెట్టి సాకాను. ఒక సాయంత్రం తోడేలు వస్తే కొరివి పట్టుకుని తరిమాను. మా బంధువుల్లో ఈ కథ విననివాడు లేడు. పెళ్ళిళ్ళలో చెప్పాను, కర్మంతరాల్లో కూడా చెప్పాను.

అడవి కాదు, మా చేనే. ఇరవైఒక్క రోజులు కాదు, పదకొండు. ఇక ఆ తోడేలు మా ఊరి కుక్కే. కొరివి ఎత్తినప్పుడు పారిపోలేదు, తోక ఊపింది. ఇవి చిన్న అబద్ధాలు. వీటిని ఇలా ఒప్పుకోవడం నాకు కష్టం కాదు. ఒకటుంది, దాని దగ్గరికి రావడానికే ఇదంతా.

మా వదినకు పెద్దమ్మవారు పోసింది. మశూచి అని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తారు, అప్పట్లో ఆ మాట మేం పలికేవాళ్ళం కాదు. ఇంటి ముందు వేపమండలు కట్టారు. వదినను నడిమింట్లో ఈతచాప మీద వేపాకు పరిచి పడుకోబెట్టారు. ఆమెకు ఆరేళ్ళ కూతురు, మూడేళ్ళ కొడుకు. ఆ ఇద్దర్నీ గడప దాటించాలి. ఇంట్లో వాళ్ళందరిలో చిన్నప్పుడే అమ్మవారు పోసి బతికి బయటపడినవాణ్ణి నేను ఒక్కణ్ణే. నాకు పందొమ్మిదేళ్ళు. ఎలాగూ వంక పక్కనున్న చేలో జొన్న కంకులు కళ్ళంలో ఉన్నాయి, కాపలా కావాలి. పిల్లల్ని తీసుకుని అక్కడి కొట్టానికి పొమ్మన్నారు.

మా అమ్మ ఒక చట్టిలో పిండి, నూకలు, కందిబేడలు, చింతపండు, ఉప్పు సర్ది ఇచ్చింది. దీపానికని చిన్న సీసాలో చెనిక్కాయల నూనె పోసింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది. అమ్మవారు ఉన్న ఇంట్లో తిరగవాత పెట్టకూడదని ఊరందరికీ తెలుసు. నూనె కాగకూడదు, ఆవాలు చిట్లకూడదు. మా అమ్మ ఆ కట్టును చేని దాకా సాగదీసింది.

"ఈ ఇంటి నెత్తురు యాడుంటే ఆడ ఈ కట్టు ఉండాది. బిడ్డలకు చప్పిడే పెట్టు. ఆడ ఆవగింజ చిట్లితే ఈడ నా కోడలి ఒంటి మీద పొక్కు చిట్లుతాది. తెలిసిందా?"

తెలిసిందన్నాను.

నా చేతి సంగటిలో ఉండ అన్నది ఉండదని నేను ఇప్పటికీ చెప్పుకుంటాను. మొదటి రోజు నేను చేసింది అంతా ఉండలే. నూకలు ఉడుకుతుండగా పిండి పోసి వెంటనే కట్టెతో కెలికేశాను. పైన సంగటి, లోపల పచ్చిపిండి. చిన్నవాడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, తీసి చూసి, కాకికి విసిరాడు. కాకి కూడా ముట్టలేదు. అప్పుడు ఆరేళ్ళ పిల్ల నా పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పింది.

"పిండి పోసినాక కెలకగూడదు చిన్నాయనా. నడిమధ్య కుప్పగా పోసి మూత పెట్టాల. మా అమ్మ అట్ల పెట్టి, దించినాక కాళ్ళతో కుండ పట్టుకుని అప్పుడు గెలుకుతాది."

మరుసటి రోజు ఆ పిల్ల చెప్పినట్లే చేశాను. గోనెపట్ట మీద కుండ పెట్టి, రెండు పాదాల మధ్య బిగించి, రెండు చేతులా కట్టె పట్టుకుని గెలికాను. ఆ పిల్ల కుండలోకి తొంగి చూస్తూ, ఈ పక్క, ఆ పక్క అని నడిపించింది. నాకు పేరు తెచ్చిన సంగటి అది.

పొద్దున పూట చలి ఇంకా వదల్లేదు. ఎండ ఎక్కే కొద్దీ నల్లరేగడి వెచ్చబడేది. కొట్టం పక్కనున్న వేపచెట్టుకు ఎర్రటి చిగురు వచ్చింది. పిల్లలిద్దరూ చొప్ప వామి ఎక్కి జారేవాళ్ళు. చిన్నవాడి చెడ్డీ వెనక పక్క రెండు రోజుల్లో చిరిగిపోయింది. జొన్న దంటు చీల్చి బెండుతో బండ్లు చేసిచ్చాను, గిత్తలు కూడా. బండి కన్నా గిత్తల కొమ్ములే పెద్దవిగా ఉండాలని వాడి పట్టు. పక్క చేలో శనగ పచ్చిగానే ఉంది. ఆ చేని ఆయన అడక్కుండానే రెండు చేతుల నిండా చెట్లు పీకి ఇచ్చేవాడు. (అడక్కుండానే అన్నది నా మాట. ఆయన లేని సమయం చూసి మేమే పీకేవాళ్ళం.) చెట్లను అలాగే మంటలో వేసి, కాలాక నలిపి, ఊది, కాయలు ఒలుచుకుని తినేవాళ్ళం. ముగ్గురి మూతులూ నల్లగా అయ్యేవి. మధ్యాహ్నం వంక ఇసుకలో చెలమ తోడితే మోచేయి లోతులో నీళ్ళు ఊరేవి. ఆ పిల్ల పగిలిన పెంకులు పేర్చి, తడి ఇసుకతో తన సంగటి తాను చేసేది. తమ్ముడికి వడ్డించేది, నాకు వడ్డించేది. మూడో పెంకులో కూడా ఒక ముద్ద పెట్టి మూత వేసేది. అది ఎవరికని నేను అడగలేదు.

రోజూ పొద్దు వాలే వేళకు మా అన్న వంక అవతలి గట్టుకు వచ్చేవాడు. ఇంటిని తాకినవాడు కాబట్టి ఇటు దాటేవాడు కాదు. మజ్జిగ ముంత రాతి మీద పెట్టి, అక్కడి నుంచే కేకేసి సంగతి చెప్పేవాడు. మొదటి నాలుగు రోజులూ ఒకటే మాట: అట్లే ఉండాది.

ఐదో రోజు మధ్యాహ్నం. ఆ పిల్ల చేని గట్ల మీద చెంచలాకు కోసుకొచ్చింది. బేడలతో కలిపి ఉడికించి, చింతపండు వేసి, పప్పుగుత్తితో ఎనిపి పులగూర చేశాను. అన్నీ ఉన్నాయి, రుచి లేదు. ఇక్కడి నుంచి నేను అందరికీ చెప్పే కథ ఇలా సాగుతుంది. ఆ పిల్ల ముద్ద ముంచుకుని, వాసన చూసి, పళ్ళెం పక్కకు జరిపింది. "మా అమ్మ చేసే మాదిరి లేదు చిన్నాయనా. తిరగవాత పెట్టు" అంది. పసిబిడ్డ నోరు తెరిచి అడిగింది, తల్లి దగ్గర లేని బిడ్డ. కాదనడానికి నాకు మనసు రాలేదు. దీపం సీసాలోని నూనె ఇనుప గరిటెలో పోసి నిప్పుల మీద పెట్టాను. ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు. చిటపటమంటుంటే చిన్నవాడు చప్పట్లు కొట్టాడు. గరిటెను అలాగే పులగూరలో ముంచాను. ఆ రోజు కుండలో కాకికి కూడా ఏమీ మిగల్లేదు.

ఈ చోట నేను ఆ పిల్ల గొంతు అనుకరించి చెబుతాను. వినేవాళ్ళు నవ్వి, అయ్యో పాపం అంటారు.

ఆ సాయంత్రం అన్న వచ్చి మజ్జిగ ముంత పెట్టాడు. కేక వేయలేదు. గట్టు మీద కూర్చుండిపోయాడు. నేనే ఏమన్నా అని అడిగాను.

"కండ్లలో పోసింది రా" అన్నాడు. "తెరవల్యాకుండా ఉండాది. మనిషిని గుర్తుపట్టలేదు."

అన్న వెళ్ళిపోయాక నేను ఆ రాతి దగ్గరే నిలబడ్డాను. వెనక ఆ పిల్ల ఎప్పుడు వచ్చిందో తెలియదు. అంతా వినింది.

"మనం తిరగవాత పెట్టినందుకా చిన్నాయనా?"

నాకు మా అమ్మ ముఖం కనబడింది. నా పాపాన ఒక మనిషి పోతోందని నేను నిజంగానే నమ్మాను. చదువుకున్నవాణ్ణే, ఎనిమిదో తరగతి దాకా. అయినా నమ్మాను. నోటికి వచ్చిన మాట ఇది:

"నువ్వు అడిగినావు కదమ్మా."

ఆ పిల్ల ఏడవలేదు. నన్ను కాసేపు చూసి కొట్టం వైపు నడిచింది.

మరుసటి రోజు నుంచి వామి ఎక్కలేదు. చిన్నవాడు పావడ పట్టి లాగినా పోలేదు. పొద్దున్నే లేచి టెంకాయచిప్ప తీసుకుని వంకలోకి దిగేది. చెలమలో నీళ్ళు ముంచి, ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుని, కొట్టం పక్కనున్న వేపచెట్టు మొదట్లో పోసేది. అమ్మవారు చల్లబడాలని పెద్దవాళ్ళు చేస్తుంటే చూసింది కాబోలు. మళ్ళీ దిగేది, మళ్ళీ ఎక్కేది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అదే పని. నేను చేసిచ్చిన బెండుబండిని, గిత్తలతో సహా, ఆ చెట్టు కింద పెట్టింది. చప్పిడి సంగటి నీళ్ళతో మింగేది. నేను పొయ్యి దగ్గర కూర్చుని చూస్తూ ఉన్నాను. ఆరు రోజులు చూశాను. ఇక చాల్లేమ్మా అన్న మాట నా నోట రాలేదు.

పదకొండో రోజు అన్న వంక దాటి వచ్చాడు. జ్వరం దిగింది, మూడోసారి వేపాకు నీళ్ళు పోశారు, బిడ్డల్ని తీసుకురమ్మన్నారు. వదిన బతికింది. ఎడమ కన్ను మాత్రం తెల్లబడి చూపు పోయింది. ముఖమంతా గుంటలు. చిన్నవాడు ఆమెను చూసి మా అమ్మ వెనక దాక్కున్నాడు. ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, ఆ ఎడమ కంటినే చూస్తూ నిలబడింది.

అమ్మవారికి చద్ది పెట్టి సాగనంపిన తర్వాతి రోజు ఇంట్లో మళ్ళీ తిరగవాత పెట్టారు. వదిన పొయ్యి ముందు పీట మీద కూర్చుని, ఆవాలు వేయమ్మా అని కూతురి చేతికి పోపు గిన్నె ఇచ్చింది. ఆ పిల్ల గిన్నె కింద పెట్టి బయటికి పరుగెత్తింది. పేడదిబ్బ దాకా పోయి పట్టుకొచ్చాను. ఏమయిందని వదిన అడిగింది, ఒళ్ళో కూర్చోబెట్టుకుని మళ్ళీ అడిగింది. ఆ పిల్ల నేల వైపు చూస్తూ చెప్పింది.

"చేనికాడ నేను తిరగవాత అడిగినా అమ్మా. అందుకే నీ కన్ను పాయె."

మా అమ్మ నా వైపు తిరిగింది. నేను దూలం వైపు చూశాను. వదిన ఒంటికన్నుతో మా ఇద్దర్నీ చూసి, నవ్వి, బిడ్డ తల నిమిరింది.

"ఆ వాసన నాకు తగిలింది లేమ్మా. నా బిడ్డలు బువ్వ తింటాండారని అప్పుడే పానం కుదుటపడింది."

చేనికీ ఇంటికీ రెండు మైళ్ళు. ఆ రోజు గాలి ఇంటి వైపు నుంచి చేనికి తోలుతోంది. నాలాగే వదినకు కూడా అబద్ధం చెప్పడం వచ్చు. ఆమె దాన్ని బిడ్డ కోసం చెప్పింది.

ఆ కన్ను మా తిరగవాతకు ముందు రాత్రే మూసుకుపోయిందని అన్న తర్వాతెప్పుడో మాటల్లో చెప్పాడు. ఆ మాట ఆ పిల్లకు చెప్పి ఉండాల్సింది. చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది.

మిగతాది ఇది. ఆ పిల్ల అడగలేదు. పళ్ళెం జరపలేదు. చప్పిడి పులగూర మారు మాట్లాడకుండా తింటోంది. నోరు చచ్చింది నాకు. ఇంటి నుంచి బయలుదేరిన రోజే, మా అమ్మ అంత చెప్పిన తర్వాత, పోపుడబ్బాలో చేయి పెట్టి పిడికెడు ఆవాలు, రెండు మిరపకాయలు తువ్వాలు కొంగున ముడి వేసుకున్నాను. నాలుగు రోజులు ఆ ముడిని తడుముకుంటూ ఓర్చుకున్నాను, ఐదో రోజు విప్పాను. ఆరేళ్ళ పిల్ల అడిగి ఉంటే ఆవాలు వంక గట్టుకు ఎలా వచ్చాయని ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను అడగలేదు.

వదిన పోయి చాలా కాలమయింది. చిన్నవాడు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వాడికి చొప్ప వామి తప్ప ఏమీ గుర్తు లేదు. ఆ పిల్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. బద్వేలులో ఉంటుంది. పోయిన ఏడు చలి తగ్గుతుండగా నేను వాళ్ళింటికి వెళ్ళాను. మనవరాళ్ళు చుట్టూ చేరి తోడేలు కథ చెప్పమన్నారు. చెప్పాను. తిరగవాత దగ్గరికి వచ్చేసరికి, వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఆమె కనబడింది. గొంతు మార్చి చెప్పడం నా వల్ల కాలేదు. మోకాళ్ళు నొప్పి అని లేచాను.

పిల్లలు వీధిలోకి ఆడుకోవడానికి వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. తువ్వాలు కొంగు ముడితో సహా చెప్పాను. ఆమె చెంచలాకు ఏరుతూ వినింది. చెయ్యి ఆపలేదు.

"అడగలేదని నాకు తెల్సు చిన్నాయనా. ఆ సాయంత్రం తెల్సు. చెట్టుకు నీళ్ళు పోసేకొద్దీ, అడిగినానేమో అనిపించింది. రెండు మూడు దినాలకు అడిగినాననే గుర్తుండిపాయ."

"మరి ఆ పొద్దే కాదనకపోతివే?" అన్నాను.

"నీ మొగం జూస్తే భయమేసింది. యాడికన్నా పారిపోతావనుకున్నా. నువ్వు పోతే తమ్మునికి బువ్వ ఎవరు వండుతారు?"

అంతే. కోపం చేసుకోలేదు, పోనీలే అనలేదు. ఏదో ఒకటి అంటుందని నేను చూస్తూ నిలబడ్డాను. ఆమె ఆకు కడిగి, బేడలతో ఉడికించి, ఎనిపి పెట్టింది. బాండ్లిలో నూనె పోసి పొయ్యి వెలిగించింది. అప్పుడు పోపుడబ్బా తెచ్చి నా చేతికి ఇచ్చింది.

"ఆవాలు నువ్వెయ్."

చేయి వణుకుతుందమ్మా అన్నాను.

"వణకనీ."

వేశాను. నాలుగు గింజలు బాండ్లి బయట పడ్డాయి. మిగతావి చిట్లడం అయిపోయేదాకా ఇద్దరం పొయ్యి దగ్గరే నిలబడ్డాం.