కొండ పలికింది, ఈరమ్మ పలకలేదు

మా చిన్నప్పుడు... ఎమ్మిగనూరు బడి, తొమ్మిదో తరగతి, ఆఖరి బెంచీ తరఫున ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా... మాకు ఇంగ్లీషు రాదన్నది ముందు బెంచీవాళ్ళు పుట్టించిన పుకారు. మాకు కొన్ని మాటలు వచ్చు. వేళ్ళతో సహా వచ్చు.

ఆ పుణ్యం మా ఇంగ్లీషు టీచరు రూతమ్మగారిది. మనిషి గాలికి ఎగిరిపోయేలా ఉండేవారు గానీ, గొంతు మాత్రం సంతలో మైకు!

"ఇంగ్లీషు మాటను బుడ్డల చెట్టు మాదిరి పీకి చూడల్లప్పా. కాయలుండేది కిందనే" అనేవారు. వేరుశనగ చేలల్లో పెరిగినవాళ్ళం... మాకు అర్థం కాకేం?

ఒకరోజు 'ఎకో' అనే మాటను రాళ్ళ మధ్యనే చెప్తానని మమ్మల్ని ఆదోని కొండకు తీసుకెళ్ళారు.

"గ్రీకు కథలో ఎకో అని ఒక పిల్ల. శాపం తగిలి సొంత మాట పోయింది. ఎదుటోళ్ళ ఆఖరి మాట ఒకటే పలుకుతాది" అన్నారు.

నేనూరుకుంటానా... చేతులు నోటికి అడ్డం పెట్టి, "హోంవర్కు వద్దూ!" అని అరిచాను.

"వద్దూ... ద్దూ..." అంది కొండ.

"చూసినారా టీచర్, ఆయమ్మ గూడా మా పార్టీనే!"

"ఆయమ్మ పరీచ్చ రాయదు, నువ్వు రాయల్ల. ఉండు, నీకు రివర్బరేట్ చెప్తా. లాటిన్లో దాని లోపల కొరడా ఉంది. కొట్టి వెనక్కి పంపేదని అర్థం."

ఈ మాట నాకంటే ముందు నా వీపుకు అర్థమైంది.

రిప్లై అంటే వెనక్కి మడవడమట... మా మగ్గాల వీధిలో చీర మడతపెట్టినట్టు. ఆన్సర్ లోపల ఒట్టు దాక్కుని ఉందట. మీద నింద పడితే పాతకాలం ఇంగ్లీషువాళ్ళు ప్రమాణం చేసి ఎదురు చెప్పేవాళ్ళట.

"అంటే ఉరుకుంద గుళ్ళో ఈరన్న సామి ముందర ప్రమాణం చేసినట్లేనా టీచర్?" అన్నాను.

"నీకు బుర్ర ఉందిరా. వాడేదే లేదు" అన్నారు. ఇప్పటిదాకా నాకు దక్కిన పెద్ద సర్టిఫికెట్ అదే.

ఆరోజు అందరం గొంతు పోయేలా అరిచాం... ఈరమ్మ తప్ప. గోనెగండ్ల వైపు పల్లె నుంచి వచ్చే మా క్లాసు పిల్ల. వాళ్ళది కూలికి పోయే ఇల్లు. ఇంగ్లీషులో ఎప్పుడూ ఆమెదే ఫస్టు మార్కు.

"నువ్వు పలకవేమే?" అని టీచరు అడిగారు.

"సోమారం సుగ్గికి పోతాండాం టీచర్... గుంటూరు పక్క, మిరపకాయ కోతకు. నాయన నన్నూ రమ్మన్నాడు. ఇంక బడి లేదంట."

వానలు ముఖం చాటేసిన ఏడాది మా వైపు పల్లెలు పిల్లాజెల్లాతో లారీ ఎక్కేవి. దాన్నే సుగ్గి అంటాం. అలా వెళ్ళిన ఆడపిల్ల మళ్ళీ బడి గడప తొక్కడం అరుదు.

సోమవారం పొద్దున్నే టీచరు ఆ పల్లెకు బయలుదేరారు. బడి ఎగ్గొట్టే అదృష్టం కదా... నేనూ వెంటపడ్డాను. లారీ నిండా జొన్న మూటలు, వంట గిన్నెలు, మనుషులు. ఈరమ్మ నాయన పైన నిలబడి తాడు బిగిస్తున్నాడు.

"అన్నా, పిల్లను ఇడ్సిపో. పరీచ్చలు కానీ."

"యాడ ఇడ్సల్ల టీచరమ్మా? ఇంటికి బీగమేసినాం. ఈడ కూడు ఎవరు పెడ్తారు?"

"నేను పెడ్తా. నా ఇంట్లో ఉంటాది, నా బిడ్డ మాదిరి. మాటిస్తాండా."

"ఓయమ్మ... పరాయి పిల్లను ఎన్నాళ్ళు సాకుతావు తల్లీ?" అని లారీ మీద ఒకామె నవ్వింది. టీచరు ఆమె వైపు చూడనే లేదు.

అప్పుడు ఈరమ్మ నాయన తాడు వదిలి, "నువ్వు మాటిస్తే నేనూ ఇస్తాండా. ఈరన్న సాచ్చిగా నా బిడ్డ సదువు ఆపను" అన్నాడు.

లారీ కదిలింది. ఈరమ్మ టీచరు పక్కనే నిలబడిపోయింది.

తిరుగు బస్సులో టీచరు నాతో, "రెస్పాండ్ అంటే ఇదేరా. ఒకరు పూచీ ఇస్తే ఎదుటోళ్ళు తిరిగి పూచీ ఇచ్చేది. లాటిన్లో అట్లే ఉంది" అన్నారు. డిక్షనరీలో ఒక మాట కోసం ఊరుదాటి ఊరెళ్ళి పూచీపడే టీచరును అంతకుముందు చూడలేదు... తర్వాతా చూడలేదు.

ఈరమ్మ టెన్త్ ఆ ఇంట్లోంచే పాసైంది. ఇప్పుడు ఆదోనిలో నర్సు. మొన్న నాకు సూది వేస్తూ, "గట్టిగా అరుసుకో అన్నా... కొండ పలుకుతాది" అంది. దొంగమొహంది!

ఇప్పుడు ఫోన్లో గుండె విప్పి నాలుగు మాటలు పంపినా బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగొస్తుంది... మీ కోసం పూచీ పడిన టీచరు ఎవరైనా ఉంటే కింద రాయండి. బొటనవేలు పెట్టి పారిపోయారో, నా నోరు తెలుసుగా!

అన్నట్టు... పైన ఒక ముక్క నేను అల్లిందే. ఈరమ్మ నాయన మాటిచ్చిందీ లేదు, ఈరన్న సాక్షి అన్నదీ లేదు. టీచరు మాట విని, కట్టిన తాడు మళ్ళీ విప్పి, మూటలన్నీ కదిలించి, అడుగునున్న కూతురి దుప్పటి లాగి... కిందికి అందించాడు.