కారే గోడ

మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, తాను కట్టిన గోడనే గడ్డపారతో విప్పుతున్నాడు. రాయి ఒక పట్టాన కదలడం లేదు. అందుకు విసుక్కోవాలో, మీసం తిప్పుకోవాలో ఆయనకు తోచడం లేదు.

గట్టున కూర్చున్న అక్క ఊరుకోలేదు. "బాగా కట్టావురా తమ్ముడూ! నీ గోడ నీకే లొంగడం లేదు."

ఆయన్ని అందరూ సందులేని మేస్త్రి అంటారు. ఆయనకు గురువు లేడు. పాత ఇళ్ళు కూలుస్తుంటే పక్కన నిలబడి, ఏ రాయి దేని మీద ఎలా కూర్చుందో చూసి పని నేర్చుకున్నాడు. ఆయన గోడ దాటాలంటే చీమైనా చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే. పెళ్ళికి ముందు అత్తవారింటికి వెళ్ళినప్పుడు పిల్లకన్నా గోడనే ఎక్కువసేపు చూశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అక్క పొలం వాలులో ఉంది. పైనున్న గుట్ట బోడిదయ్యాక, వాననీరు ఉరికి దిగి పొలం మధ్యలో లోతుగా కోసింది. ఆ కోత ఏటా వెడల్పవుతోంది. నేల బాగుచేసే ప్రాజెక్టువాళ్ళు దానికి అడ్డంగా రాతికట్ట వేయించాలని మేస్త్రిని పిలిచారు. ఇంజనీరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"రాళ్ళు వదులుగా పేర్చండి. నీళ్ళు మెల్లగా కారిపోవాలి, మట్టి ఆగిపోవాలి. సందులు మాత్రం మూయొద్దు."

మేస్త్రి బుద్ధిగా తలూపాడు. ఆమె జీపు మలుపు తిరగ్గానే సందులన్నిట్లో బంకమట్టి కూరేశాడు. కారే గోడ కట్టాడంటే రేపు తన మొహం ఎవరు చూస్తారని ఆయన బాధ.

మొదటి పెద్దవాన మేస్త్రికి మూడు చెరువుల నీళ్ళు తాగించింది. గోడ వెనక నిండిన నీళ్ళు దారి దొరక్క పక్కనున్న గట్టును కోసుకుని పోయాయి. గోడ చెక్కు చెదరలేదు. అక్క పొలంలో ఒక మడి మాత్రం గల్లంతైంది.

అక్క తిట్టలేదు. తమ్ముణ్ణి పొలం పై అంచుకు తీసుకెళ్ళింది. అక్కడొక చిన్న కోతలో రాళ్ళ కుప్ప ఉంది. దాని వెనక మెత్తటి ఒండ్రు చేరి, పచ్చగా గడ్డి మొలిచింది.

"ఇదెవరు కట్టారక్కా?"

"కట్టడమా నా బొందా! దున్నేటప్పుడు అడ్డమొచ్చిన రాళ్ళు విసిరేశాను. అంతే."

మేస్త్రి ఆ కుప్ప చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. వంగి, రాళ్ళ సందుల్లో వేలు పెట్టి చూశాడు.

"ఇంకో మడి పోయిందంటే ఈ పొలంలో విత్తను. విత్తనానికి దాచిన గింజలు దంచుకు తింటాను. ఆ తర్వాత నీ ఇష్టం," అంది అక్క.

అందుకే ఈ గడ్డపార, ఈ విప్పడం. విప్పడమే నయమనిపించింది, మళ్ళీ పేర్చడంతో పోలిస్తే. చేతులు మాట వినవు. పెట్టిన ప్రతి రాయీ పక్క రాయిని వెతుక్కుని అతుక్కుంటుంది.

"ఒరేయ్, అతికింది! తియ్, తియ్!" అని గట్టు మీద నుంచి కేక.

"అక్కా, నువ్వలా అరిస్తే నేను విసిరి పారేస్తాను."

"అదే చెయ్యమంటున్నా!"

కానీ మేస్త్రి విసరలేదు. అక్క కుప్పలో తేలిక రాళ్ళు కొన్ని వానకు దొర్లిపోయి ఉండడం ఆయన కంటపడింది. అందుకే బరువైనవి అడుగున వేసి, రెండు కొసలూ గట్టులోకి దూర్చి, నీళ్ళు పొర్లితే నడిమి నుంచే పోయేలా మధ్యను పల్లంగా ఉంచాడు. సందులు వదిలాడు, పళ్ళు బిగబట్టుకుని.

కట్ట పూర్తయిన కొన్నాళ్ళకు వాన దంచికొట్టింది. ఎర్రటి నీళ్ళు కట్ట వెనక కాసేపు తచ్చాడి, సందుల్లోంచి సన్నగా బయటికి వచ్చాయి. గట్లు రెండూ నిలిచాయి.

"కారుతోందిరా!" అంది అక్క.

"కారాలనే కట్టాను," అన్నాడు మేస్త్రి, తన నోట ఆ మాట వచ్చినందుకు తానే బిత్తరపోతూ. "ఇక ఇది నీదక్కా. రాయి జారితే నువ్వే సర్దుకో. ఆ గింజలు తీసి ఎండలో పెట్టు, పురుగు పడుతుంది."

అక్క అప్పటికే కట్ట వెనకకు దిగి, కొత్తగా చేరిన ఒండ్రును చేత్తో తీసి చూస్తోంది.