మనసు బాగాలేదని బస్సులో చెప్పాను

ఈ రోజు బందరులో మనసు జబ్బులు చూసే డాక్టరు గారి దగ్గరికి మొదటిసారి వెళ్ళాను. చెల్లెలు పోయినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. బడిలో పాఠం చెబుతూ ఏడ్చేస్తున్నాను.

అమ్మ మిక్చరు మందు పోయించుకోవడానికి ఖాళీ సీసా కడిగి తెచ్చింది. డాక్టరు గారు మందూ ఇవ్వలేదు, సూదీ వేయలేదు. చెల్లెలి గురించి చెప్పమన్నారు. నా బదులు అమ్మ మొదలుపెడితే, "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అన్నారు. నేను చెప్పాను, ఏడ్చాను. ఆయన తొందరపెట్టలేదు. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు. అంతే.

తిరిగి గుడివాడ వచ్చే బస్సులో మా వీధి మార్తమ్మత్త కనబడి, "బందరెందుకొచ్చారే?" అని అడిగింది.

"దీనికి కడుపునొప్పి వదినా" అంది అమ్మ, నన్ను గిల్లుతూ.

"కడుపు బాగానే ఉందత్తా. మనసే బాగాలేదు. డాక్టరు గారితో చెప్పుకుని వస్తున్నా" అన్నాను. బస్సంతా నావైపు చూసింది.

"పిచ్చిదని పేరు పడితే నిన్నెవరు చేసుకుంటారే? నిన్ను చదివించింది ఇందుకా?" అంది అమ్మ.

"ఇందుకేనమ్మా" అన్నాను.

దిగబోతూ అత్త నా చెవిలో, "వచ్చే వారం నన్నూ తీసుకెళ్ళవే" అంది.

ఇద్దరం వెళ్తాం. మీలో ఎవరికైనా రావాలనుంటే చెప్పండి, పక్కన చోటు పట్టి ఉంచుతాను.