నల్ల పెట్ట కాలికి కట్టిన దారం

గుడివాడలో గులాబీలను నేనే పెంచానని చాలాకాలం అనుకున్నాను. వాటిని పెంచింది అక్కడి నల్లమట్టి, పెరటి వెనక పారే కాలవ. నాతో పాటు పనిచేసే గుమాస్తా ఒకాయన తన చెట్ల నుంచి కొమ్మలు కోసి ఇచ్చాడు. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుచుకునేవాళ్లం. నాటినవన్నీ పట్టుకున్నాయి. మంచు పడే రోజుల్లో ముఖమైనా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్లి, మొగ్గ నిన్నటికంటే ఎంత విచ్చిందో చూసుకునేవాణ్ణి. అప్పటికి ఉద్యోగం మీద ఆశ పోయింది. గొప్పవాణ్ణవుతానన్న భ్రమా పోయింది. ఆ చెట్ల దగ్గర మాత్రం కాసేపు ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని మనిషిలా ఉండేవాణ్ణి.

నా భార్యది దివిసీమ. కాపురానికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ గంపలో ఒక కోడిపెట్టను పెట్టి పంపింది. దాని సంతానమే మా పెరడంతా. ఆమె కోళ్లతో రోజంతా మాట్లాడేది. "ఇప్పుడేగా తిన్నావు, మళ్లీ గుమ్మంలోకి వచ్చావా? మీ అమ్మకి ఉన్న సిగ్గు నీకు లేదే" అని ఆమె అంటుంటే నాకు ముందుగదిలోకి వినిపించేది. కోళ్లకూ గులాబీలకూ మధ్య తాటాకు దడి ఉండేది. గూడు ఊడ్చిన పెంట దడి దాటి నా చెట్లకు వచ్చేది. చెట్ల మీద ఏరిన పురుగులు దడి దాటి ఆమె కోళ్లకు వెళ్లేవి. మేము పెద్దగా మాట్లాడుకోకుండానే రోజులు బాగా జరిగిపోయాయి.

తర్వాత బందరు బదిలీ అయింది. నేను వేళ్లతో సహా తవ్విన చెట్లను తడి గోనెల్లో చుట్టి రైలెక్కించాను. ఆమె ఒళ్లో కోళ్ల బుట్ట పెట్టుకుని కూర్చుంది.

బందరు నేలలో ఉప్పు. బావి నీళ్లలో ఉప్పు. మంచినీళ్లు వీధి కుళాయి దగ్గర పట్టుకుని బిందెలతో మోసుకోవాలి. మోసేది ఆమె. అందులో నుంచి చెంబులు చెంబులుగా నా గులాబీలకు పోసేవాణ్ణి. ఆమె బావి నీళ్లతో తలంటుకునేది. కుంకుడు రసం నురగ రాదు, జుట్టు అట్టకట్టేది. చిక్కు తీసుకుంటూ గుమ్మంలో కూర్చున్న ఆమెను దాటుకుని చెంబు పట్టుకుని వెళ్లేవాణ్ణి. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదని రాస్తే అబద్ధం. తోచింది. తోచినా చెంబు కింద పెట్టలేదు.

మా చర్చిల్లో వరికోతలు అయ్యాక కోత పండుగ చేస్తారు. గుమ్మడికాయో, బియ్యమో, కోడో, ఎవరి ఇంట్లో పండిందీ పెరిగిందీ వాళ్లు తెస్తే, ఆరాధన అయ్యాక వేలంపాట పెడతారు. ఆమె పుట్టింట్లో దానికో పద్ధతి ఉంది. పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికి వచ్చిన రోజునే ఒకదాన్ని ఎంచి కాలికి దారం కడతారు. ఇక అది దేవుడి కోడి. పెరిగేకొద్దీ దారం వదులు చేసి కడుతుంటారు తప్ప తీయరు. గుడివాడలో అలా కట్టిన నల్ల పెట్ట ఒకటి మాతో బందరు వచ్చింది. కొత్త ఊళ్లో మాకు అన్నీ కుదిరితే దాన్ని పిల్లలకోడిగా, పిల్లలతో సహా పండక్కి ఇస్తానని ఆమె మొక్కుకుంది. వంటింటి మూల ఊక పోసిన బుట్టలో అది గుడ్ల మీద కూర్చుంది. ఆమె రోజూ దాన్ని కాసేపు మేతకు లేపి, ఆలస్యమైతే కంగారుపడుతూ మళ్లీ బుట్టలోకి చేర్చేది.

నా గులాబీలు మాత్రం కుదురుకోలేదు. ఆకు చివరలు కాలినట్టు ఎర్రబడేవి. మా మామగారు కొబ్బరి మొదళ్లలో ఎండుచేపల చెత్త పాతిపెట్టడం నేను చూశాను. కాయ విరగకాసేది. కొబ్బరికి పనికొచ్చింది గులాబీకి ఎందుకు పనికిరాదనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. బజార్లో ఎండుచేపలు అమ్మే చోట ఊడ్చిన పొట్టు ఒక బస్తా తెచ్చి చెట్ల చుట్టూ పాతాను.

ఆ ఇంట్లో దడి లేదు. కడతానని నేనన్నాను, కట్టలేదు. మర్నాటి నుంచి కోళ్లన్నీ నా పాదుల్లోనే. ఆమె తోలేది, అవి వచ్చేవి. చేప వాసనకు వస్తున్నాయని పసివాడికైనా తెలుస్తుంది. చెట్లు ఒక్కొక్కటే ఎండుతుంటే కోళ్లు వేళ్లు కెలికేశాయని నేను కేకలేశాను.

సరిగ్గా అప్పుడే ఒక శనివారం మధ్యాహ్నం, కొమ్మలిచ్చిన గుడివాడ బావ పనిమీద బందరు వచ్చి, మా ఇంటికి భోజనానికి వచ్చాడు. కాళ్లు కడుక్కుంటూనే పెరట్లోకి చూశాడు.

"ఏవి బావా, మా అమ్మాయిలు?" తన చెట్లను అలాగే అనేవాడు.

నేను ఎండిన మోళ్లు చూపించాను.

"కాపరానికి పంపితే ఇలాగా చూసుకునేది?"

"నేనేం చెయ్యను. మీ చెల్లెలి కోళ్లు బతకనిస్తేగా."

అప్పుడే నల్ల పెట్ట మేతకు లేచి బయటికి వచ్చింది. మిగతా వాటిలాగే తిన్నగా పాదులోకి వెళ్లి కాళ్లతో మట్టి వెనక్కి చిమ్మింది. బావ నవ్వాడు.

"దొంగ దొరికింది. కూర చేయించు, బావా. కేసు కొట్టేద్దాం."

ఆయన వేళాకోళానికే అన్నాడు. నేను లేచాను. ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అది కాదండీ. దాని కాలు చూడండి."

"చూశాను."

"దేవుడిదండీ అది. గుడ్ల మీద ఉంది. కావాలంటే పుంజును పట్టుకోండి."

"దేవుడికి ఇంకోటి ఇద్దాంలే" అన్నాను. బావ ముఖం మారింది. "ఊరికే అన్నాను బావా, వదిలెయ్" అన్నాడు. ఇద్దరూ వద్దన్నాక వదిలేస్తే చిన్నతనమనిపించింది. నేనే పట్టుకున్నాను, నేనే కోశాను. దారం కత్తితో తెగలేదు, రక్తంలో తడిసి కాలికే ఉండిపోయింది.

ఆమె వండింది, వడ్డించింది. బావ చారన్నమే తిన్నాడు. నేను తిన్నాను.

గుడ్లను ఆమె పాత చీర ముక్కలో చుట్టి పొయ్యి పక్కన పెట్టింది. వేరే పెట్టను కూర్చోబెట్టి చూసింది. అది కూర్చోలేదు. కొన్నాళ్లకు వాసన వస్తే తనే తీసుకెళ్లి దూరంగా పాతింది. నా పాదుల వైపు వెళ్లలేదు. కోత పండక్కి ఎవరో ఇచ్చిన గుమ్మడికాయ పట్టుకెళ్లింది. వేలంపాటలో ఒక పిల్లలకోడి వచ్చింది. బుట్టలో పిల్లలు అరుస్తుంటే అందరూ నవ్వుతున్నారు. ఆమె పాటల పుస్తకం తెరిచి చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత కొత్త కొమ్మలు నాటాలని పాత మోళ్లు తవ్వాను. వేళ్లు కోళ్లు కెలికినట్టు లేవు. ఎక్కడివక్కడే నల్లగా కుళ్లి ఉన్నాయి. చుట్టూ మట్టి మీద తెల్లటి పొర. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. అసలే ఉప్పు నేల, దాని మీద ఉప్పులో ఊరి ఎండిన చేప. చెట్లను చంపింది నేను. దానికి శిక్ష పడింది ఇంకొకరికి.

వెళ్లి ఆమెకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది.

"తెలుసండీ" అంది.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరు ఇంకో కారణం వెతుక్కునేవారు."

చాట మీద నుంచి తల ఎత్తలేదు. కోపంగా అని ఉంటే తేలికగా ఉండేది. అలసిపోయిన గొంతుతో అంది. ఆ అలసట ఆ కోడితో మొదలైంది కాదని అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చల్లపల్లి మీదుగా దివిసీమ బస్సెక్కాను. అత్తగారు ఆశ్చర్యపోయింది.

"అల్లుడుగారికి కోళ్ల మీద ఎప్పుడు మనసైంది బాబూ?"

జరిగింది చెప్పాను. ఆమె లేచి పెరట్లోకి వెళ్లింది. తర్వాత ఒక నల్ల పెట్టను పట్టి బుట్టలో పెట్టి, "మా అమ్మాయి నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటోంది?" అని అడిగింది. నేను బుట్ట ఎత్తుకున్నాను.

ఇంటికి వచ్చి, దారం తెచ్చి నేనే దాని కాలికి కట్టాను. ఆమె చూసి, కూర్చుని, ముడి విప్పేసింది.

"పెరిగినదాన్ని తెచ్చి దేవుడిదంటే ఎట్లాగండీ? పుట్టిన రోజున కట్టాలి."

కాబట్టి ఆగాల్సి వచ్చింది. అది గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు చేసేదాకా ఆగాను. ఈలోగా కుళాయి దగ్గర బిందెలు నేను పట్టడం మొదలుపెట్టాను. వీధిలో ఆడవాళ్లు నవ్వుకున్నారు. నడుం నొప్పి పట్టింది. ఆమె నెలల తర్వాత మంచినీళ్లతో తలంటుకుంది. గుడివాడ బావ మళ్లీ పంపిన కొమ్మల్లో ఒక్కటే ఉంచుకుని, పగిలిన కుండలో తోటమట్టి పోసి నాటాను. దానికి బియ్యం కడిగిన నీళ్లు చాలు.

పిల్లలు దిగిన రోజున ఆమె ఒక నల్ల పిల్లను తీసి నా చేతికిచ్చింది.

"పట్టుకోండి. గట్టిగా కాదు."

దారం కట్టి కింద వదిలింది. అది తూలుకుంటూ తల్లి వెనక వెళ్లింది. తల్లి తిన్నగా నా కుండ మీదికి ఎక్కి గులాబీ మొదట్లో కెలకడం మొదలుపెట్టింది. మట్టి అరుగు మీద పడింది. కొత్తగా వచ్చిన చిగురొకటి విరిగింది.

ఆమె నా వైపు చూసింది. నేను కూర్చున్న చోటి నుంచి లేవలేదు.