కి... టి... కీ

తెనాలిలో నేను చెప్పే మూడో తరగతిలో సుజాతకు మాట రాదు, చేతులు స్వాధీనంలో ఉండవు. "దీనికేం తెలీదు టీచరుగారూ, పిల్లల్లో కూర్చుంటే చాలండి" అని వాళ్ళమ్మ చేర్పించింది.

ఈ రోజు ఆఖరు పీరియడ్‌లో ఆ పిల్ల ఒకటే ఏడుపు. మంచినీళ్ళిచ్చినా తాగలేదు. పొలం పని నుంచి వచ్చిన తల్లి ఎత్తుకున్నా ఊరుకోలేదు.

పక్కన కూర్చునే రూతు లేచింది. "నేనడుగుతానండి. అక్షరాలు చదువుతుంటే, కావాల్సిన చోట పైకి చూస్తుందండి. మేం రోజూ ఇట్లాగే మాట్లాడుకుంటాం."

"క" అనగానే సుజాత కళ్ళెత్తింది. రూతు గుణింతం అందుకుంది. "కి" దగ్గర మళ్ళీ ఎత్తింది. తర్వాత "టి". ఆ తర్వాత "కీ".

కిటికీ! పడమటి ఎండ సూటిగా ఆ పిల్ల కళ్ళలో పడుతోంది. రెక్క మూయగానే ఏడుపు ఆగింది. ఏడాదంతా నల్లబల్ల మీద నేను రాసినవన్నీ ఆ పిల్ల నేర్చేసుకుంది!

వాళ్ళమ్మ కూతుర్ని అలాగే చూస్తూ, "మా ఇంట్లో అక్షరాలు రానిది నాకేనన్నమాట. రేపట్నించి నేనూ వచ్చి కూర్చుంటానండి" అంది.

గుణింతాలు వల్లెవేయడం దండగన్నవాళ్ళు ఒకసారి మా తరగతికి రండి. ఏమంటారో వింటాను.