వేదికకు వీపు పెట్టిన అమ్మ

నా చిన్నప్పుడు, దెందులూరు దగ్గర మా ఊరి చర్చిలో వేసిన క్రిస్మస్ నాటకంలో నాకు దక్కింది ఒక్కటే మాట. నేను సత్రం యజమానిని. మరియమ్మ, యోసేపు వచ్చి తలుపు తడితే "చోటు లేదు, వెళ్ళండి" అనాలి. ఆ మాట అనేటప్పుడు అమ్మ నన్ను చూడాలి. అంతే నా కోరిక.

అమ్మ ఏలూరులో బధిరుల పాఠశాల టీచరు. పక్కింటి అక్క ఆ బడిలోనే చదివేది. ఆమెకు పుట్టుకతోనే వినబడదు. ఆ ఏడు నాటకమంతా చేతి సైగలతో చెబుతానని అమ్మ ఆమెకు మాటిచ్చింది. పూల చీర మీద చేతులు సరిగా కనబడవని, పండగ పూట కొత్త చీర కూడా కట్టకుండా పాత నీలం చీరే కట్టుకుంది. ట్యూబులైటు వెలుగు చేతుల మీద పడేలా స్టూలు జరుపుకుని, వేదికకు వీపు పెట్టి, అక్కకు ఎదురుగా కూర్చుంది.

తెర పక్కన యోసేపు వేషం కుర్రాడు నా చెవిలో అన్నాడు. "మీ అమ్మ పక్కింటోళ్ళ పిల్ల కోసం వచ్చిందిరా, నీ కోసం కాదు."

నా వంతు వచ్చింది. ఎదురుగా అమ్మ వీపు. దాని అవతల అక్క ముఖం, అమ్మ చేతుల మీద నుంచి చూపు తిప్పకుండా. నాకు అక్క మీద అసూయ పుట్టింది. "చోటు లేదు" అన్నానో లేదో ఏడుపొచ్చి గొంతు వణికింది. "వెళ్ళండి" సగమే బయటికొచ్చింది.

ఇంటికొస్తూ అడిగాను. "ఒక్కసారైనా ఇటు తిరగలేదేంటమ్మా?"

"తిరిగితే అక్కకి కథ ఆగిపోద్ది కదరా నాన్నా."

నేను అమ్మ చెయ్యి వదిలేసి ముందు నడిచాను.

మర్నాడు పొద్దున అక్క మా ఇంటికొచ్చింది. నన్ను వేలితో చూపించింది. రెండు చేతులూ అడ్డంగా ఊపింది. గొంతు మీద వేలు ఆనించి వణికించి, కళ్ళ కింద నీళ్ళ చారలు గీసింది. నాకేమీ అర్థం కాలేదు.

"సత్రం ఆయన ఎందుకు ఏడ్చాడని అడుగుతోంది," అంది అమ్మ.

ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను. అక్క నా వైపు చూడలేదు, నా గొంతు వినలేదు. ఆ వణుకు ఆమెకు అమ్మ చేతుల్లోనే కనబడి ఉండాలి. అంటే నాకు వీపు పెట్టి కూర్చున్న అమ్మ, ఒక్క వణుకూ జారిపోకుండా నన్ను వింటూనే ఉంది.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మా కాలేజీ కార్యక్రమాలకు లైట్లు పెట్టేది నేనే. చేతులతో చెప్పేవారు ఎక్కడ నిలబడతారో అడిగి, మొదటి లైటు అక్కడ పెడతాను. వేదిక సంగతి ఆ తరవాత. లైటు సరిచూస్తూ ఆ చేతుల వంక చూసినప్పుడల్లా అక్క మీద ఆనాటి అసూయే మళ్ళీ పుడుతుంది. నా గొంతు అమ్మ చేతుల్లో ఎలా ఉందో చూసింది ఆమె ఒక్కతే.